కూత: సున్నా

మా అక్క స్టేజీ మీద పాడిన ప్రతి ప్రోగ్రాంకూ నా దగ్గర ఒక పేజీ ఉంది. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు, స్కేలు పెట్టి నిలువుగా గీసిన ఐదు గడులు: తేదీ, స్థలం, మిక్సర్ సెట్టింగులు, కూత, ఇతర విషయాలు. నాలుగో గడిలో మొదటి పేజీ నుంచి ముప్పై నాలుగో పేజీ దాకా ఒకే అంకె ఉంటుంది. సున్నా. మూడేళ్లలో ముప్పై నాలుగు ప్రోగ్రాములు చేశాం, ఒక్కసారి కూడా మైకు కూయలేదు. చాలాకాలం ఆ సున్నాలను చూసుకుని గర్వపడ్డాను.

మైకు ఎందుకు కూస్తుందంటే, స్పీకర్లోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి పోయి, మళ్లీ స్పీకర్లోంచి వచ్చి, అట్లా తిరుగుతూ తిరుగుతూ పెరిగిపోతుంది. చెవులు చిల్లులు పడే ఆ శబ్దం రాగానే సభలో అందరూ శబ్దాన్ని పెంచి తగ్గించే మిక్సర్ దగ్గర కూర్చున్నవాడి వైపు తిరిగి చూస్తారు. సూర్యాపేటలో మా చర్చిలో తొమ్మిదో తరగతి నుంచీ అక్కడ కూర్చున్నది నేను. అక్క ముందు నిలబడి కీర్తనలు పాడేది. మా నాన్న ప్రభుత్వ బడిలో సైన్సు టీచరు, చర్చిలో పెద్ద. ఆయన మూడో వరుసలో కూర్చునేవాడు.

ఒక గుడ్ ఫ్రైడే నాడు, పాస్టరు అయ్యగారు తల వంచి మౌనంగా ప్రార్థన చేయిస్తున్నప్పుడు మైకు కూసింది. రెండు మూడు క్షణాలే. ఒడిలో పిల్లలు ఏడుపందుకున్నారు. ఆరాధన అయ్యాక నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు: "పాట ఇనవడకపోయినా ఏం కాదు బిడ్డా. కూత మాత్రం రావొద్దు."

దాన్ని నేను ఒక సాంకేతిక సూచనగా తీసుకున్నాను. మరుసటి ఆదివారం మిక్సర్ మీద శబ్దం పెంచడానికి తిప్పే నాబు పక్కన తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, కూత మొదలయ్యే చోటికి కొంచెం ముందే పెన్నుతో గీత గీశాను. ఆ గీత దాటకపోతే కూత రాదు. చర్చిలో ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. కోదాడలో ఇంజినీరింగ్ చదివింది. నేను డిప్లొమా చేసి మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మీటర్లు, సెన్సర్లు చూసే ఉద్యోగంలో చేరాను. అక్క హాస్టల్లో ఉన్నప్పుడే రాక్ పాటలు వినడం మొదలుపెట్టింది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, ఇంకొకటి నా చెవిలో పెట్టేది. నాకు మొదట గరగరలాడే డిస్టార్షన్ మాత్రమే వినిపించింది, వైరు లూజుగా ఉందనుకున్నాను. అక్క నవ్వి, గిటారును కావాలనే అట్లా పలికిస్తారని చెప్పింది. చర్చిలో గొంతు సాఫీగా ఉండాలని నేర్పారు తనకు. ఈ పాటల్లో గొంతు చీలినా దాచరు. అది తనకు ఎందుకు నచ్చిందో వివరించలేదు, కానీ అదే ఏడాది తనే పాటలు రాయడం మొదలుపెట్టింది. తెలుగులోనే. హైవే మీద ఆగకుండా పోయే బస్సుల మీద ఒకటి, తర్వాత నెలసరి నొప్పితో ఆరు పీరియడ్లు నిలబడి లెక్కలు చెప్పే టీచరు మీద ఒకటి. ఆ టీచరు తనే. చదువు అయిపోయాక సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది.

బ్యాండులో నలుగురం. అక్క గొంతు. గిటారు వాయించేది కోదాడలో తన క్లాస్‌మేటు. డ్రమ్స్ వాయించేది మిర్యాలగూడలో పెళ్లిళ్ల బ్యాండు మేళం నడిపే ఇంటి అబ్బాయి. సౌండు నేను. గిటారు అతని మేనమామ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు మేనేజరు. మిల్లు వెనక పాత గోడౌను ఆదివారం మధ్యాహ్నాలు మాకు ఇచ్చేవాడు. చర్చి అయిపోగానే అక్కా నేనూ బండి మీద పోయేవాళ్లం. గోడౌను నిండా ఉప్పుడు బియ్యం వాసన. మూడు వైపులా పైకప్పు దాకా బియ్యం బస్తాలు, మధ్యలో మేము.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, తర్వాతదంతా దీని మీదే ఆధారపడి ఉంది. స్టేజీ మీద పాడేవాళ్లకు జనం వైపు తిరిగిన పెద్ద స్పీకర్ల శబ్దం సరిగ్గా వినపడదు. వెనక డ్రమ్స్, పక్కన గిటారు హోరులో తమ గొంతు తమకే వినపడదు. అందుకని వాళ్ల కాళ్ల దగ్గర, వాళ్ల ముఖం వైపు తిప్పి ఒక చిన్న స్పీకరు పెడతారు. దాని పేరు మానిటర్. మిక్సర్ మీద దానికి వేరే నాబు. మైకుకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఈ స్పీకరే కాబట్టి కూత మొదట దీనిలోంచే వస్తుంది.

గోడౌన్లో మొదటి ఆదివారమే నాబు పక్కన ప్లాస్టరు అంటించాను. నాబు మీది ముల్లును గడియారం ముల్లులా చదువుతాం మేము, కుడికి తిప్పేకొద్దీ శబ్దం పెరుగుతుంది, పది కంటే ఒంటిగంట ఎక్కువ. ఒంటిగంట దగ్గర గీత గీశాను. బస్తాలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి ఒంటిగంట దాకా కూత రాలేదు. అక్కకు తన గొంతు బాగా వినపడేది.

వేసవిలో సరుకు లారీలకెక్కింది. ఒక ఆదివారం మేము పోయేసరికి గోడౌను ఖాళీ. చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడలకు కొట్టుకుని చాలాసేపు తిరిగింది. అక్క మొదటి చరణం ఎత్తుకోగానే మైకు కూసింది. నేను ఉలిక్కిపడి మిక్సర్ మీదికి వంగాను. నాబు తగ్గిస్తూ వచ్చి, పది గంటల దగ్గర రెండో గీత గీశాను. డ్రమ్స్ అతను నవ్వాడు.

"గంత భయం ఏందిరా నీకు? మిక్సర్ మీద పాస్టరయ్య కూసున్నడా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వానాకాలం పంట వచ్చాక గోడౌను మళ్లీ బస్తాలతో నిండింది. నేను గీతను మళ్లీ ఒంటిగంటకు జరపలేదు. పది గంటల దగ్గర కూత రాదని రుజువైంది కదా, ఎందుకు కదిలించాలి అనుకున్నాను. కోదాడలో కాలేజీ ఫెస్టు, సూర్యాపేటలో ఫంక్షన్ హాలు, మిర్యాలగూడలో ఒక ప్రారంభోత్సవం, ఎక్కడికి పోయినా మూడో గడిలో అదే రాశాను: మానిటర్, పది గంటలు.

కోదాడ ఫెస్టులో అక్క పాట మధ్యలో నా వైపు తిరిగి వేలు పైకి చూపించింది, పెంచమని. నేను తలూపి నాబు మీద చెయ్యి పెట్టాను, తిప్పలేదు. దిగాక నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, నా గొంతు నాకు ఇనవడ్తలేదురా. జర పెంచు."

"పెట్టిన అక్కా. హాల్ గిట్లనే ఉంటది. అలవాటైతది."

తను నమ్మింది. ఇంట్లో ఫ్యూజు పోయినా, ఫోను పాడైనా నా మాటే చివరి మాట. అది నమ్మకం కంటే అలవాటు అనడం సరైనదేమో.

గోడౌన్లో రికార్డు చేసిన బస్సుల పాటను ఇంటర్నెట్లో పెట్టాక పరిస్థితి మారింది. ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ గొంతు గురించి రాశారు. హైదరాబాదులో రెండు కేఫుల్లో పాడింది. ఆ తర్వాత అక్కడే జరిగే ఒక పెద్ద సంగీత ఉత్సవం నుంచి పిలుపు వచ్చింది, నలభై నిమిషాలు, సొంత పాటలు మాత్రమే. అక్క ఆ మెయిల్‌ను ప్రింటు తీసుకుని స్కూలు డైరీలో పెట్టుకుంది. నాన్నకు చూపించలేదు. ఆయనకు ఈ పాటలు పాటలే కావు, అరుపులు.

ఉత్సవానికి ఇంకా మూడు నెలలుండగా సూర్యాపేట ఫంక్షన్ హాల్లో అక్క గొంతు ఆగిపోయింది. ఆగిపోయింది అంటే రెండో పాటలో పై స్వరానికి వెళ్లినచోట గాలి తప్ప ఏమీ రాలేదు. తను నోరు తెరిచే ఉంది. గిటారు, డ్రమ్స్ నడుస్తూనే ఉన్నాయి. జనానికి మైకు పోయిందనిపించింది, నా వైపు చూశారు. మైకు బాగానే ఉంది.

డాక్టరు సన్నని కెమెరా గొంతులోకి దింపి తెర మీద చూపించాడు. స్వరతంతువుల మీద రెండు వైపులా చిన్న బుడిపెలు. చెప్పు కరిచిన చోట కాలికి కాయ కాసినట్టేనని చెప్పాడు. స్కూల్లో ఆరు పీరియడ్లు చెబుతుందని వినగానే తలూపాడు, టీచర్లలో ఇది మామూలే అన్నాడు. ముందు మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. ఆ తర్వాత హైదరాబాదులో స్పీచ్ థెరపీ. తగ్గవచ్చు, కొంత మిగలవచ్చు. పై స్వరాల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు.

నాన్న మాత్రం స్కూలు వల్ల అంటే ఒప్పుకోలేదు. నలభై ఏళ్ల సర్వీసున్నవాళ్లు చాలామంది తెలుసు తనకు, ఎవరి గొంతూ పోలేదట. "ఆ అరుపులే చేసినయ్" అన్నాడు. అమ్మ మిరియాల పాలు కాచింది. అక్క పాత పరీక్ష పేపర్ల వెనక ఖాళీ వైపున రాసి మాట్లాడేది. కావలసినవి, పిల్లల మార్కులు, నన్ను వెక్కిరించడం, అన్నీ ఆ కాగితాల మీదే. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఆ కాగితాలు చదివి, ఏ రోజు ఎన్ని కాగితాలు నిండుతున్నాయో మనసులో లెక్కవేసేవాణ్ణి. తగ్గుతూ వచ్చాయి.

రెండో వారం థెరపిస్టు ముందుగా ఒకసారి చూస్తానంటే నేనే బస్సులో తీసుకెళ్లాను. ఆమె అక్కను ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ, అక్క రాసింది చదువుతూ పోయింది. నీళ్లు ఎన్ని తాగుతారు, స్కూల్లో ఎంతమంది పిల్లలు, ప్రాక్టీసు ఎంతసేపు. ఆ తర్వాత అడిగింది: "స్టేజీ మీద మీ గొంతు మీకు వినిపిస్తుందా?"

అక్క ఆలోచించకుండానే రాసింది. "అది మా తమ్ముడు చూసుకుంటాడు."

థెరపిస్టు నా వైపు తిరిగింది. నేను వినిపిస్తుంది మేడం అన్నాను.

ఆమె అంతటితో వదిలేయలేదు. మామూలుగా అందరికీ చెప్పే మాటగానే చెప్పింది: తమ గొంతు తమకు వినపడకపోతే మనుషులు తెలియకుండానే అరుస్తారు, రోజులు గడిస్తే తంతువులు ఒరుసుకుని ఇట్లా అవుతుంది. ఇది నాకు కొత్త విషయం కాదు. మా ఫ్యాక్టరీలో సిమెంటు మిల్లు దగ్గర పనిచేసేవాళ్లు కంట్రోల్ రూములోకి వచ్చాక కూడా కాసేపు అరిచే మాట్లాడతారు. కొత్తగా చేరిన కాంట్రాక్టు కూలీలకు ఇయర్‌ప్లగ్గులు ఇచ్చేటప్పుడు ఈ సంగతి వివరించేది నేనే. ఎన్నోసార్లు చెప్పిన ఆ విషయం మా అక్కకు కూడా వర్తిస్తుందని నాకు తట్టలేదు. తట్టినా, గీత దాటే ధైర్యం ఉండేది కాదేమో.

తిరుగు బస్సులో అక్క నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఇంటికి వచ్చి నోట్‌బుక్కు తీశాను. ఐదో గడిలో నేనే రాసిన మాటలు వరసగా చదివాను. అక్క: మానిటర్ చాలట్లేదు. అక్క: గొంతు పట్టేసింది. అక్క: వేడినీళ్లు. అక్క: మానిటర్. గోడౌను ఖాళీ అయిన వేసవికి ముందు పేజీల్లో ఇట్లాంటి మాట ఒక్కటి లేదు. ఆ తర్వాత మానిటర్ గురించి తొమ్మిదిసార్లు, గొంతు గురించి పద్నాలుగుసార్లు. తొమ్మిదిసార్లు అడిగింది, తొమ్మిదిసార్లూ పెట్టిన అక్కా అన్నాను. పక్క గడిలో సున్నా, సున్నా, సున్నా.

చెప్పాలి. కానీ ఎట్లా చెప్పాలో జాబితా రాసుకున్నాను, అది నా పద్ధతి. ఒకటి, థెరపీ అయ్యాక చెప్పవచ్చు. రెండు, స్కూలు కూడా కారణమే కదా. మూడు, చెబితే గొంతు తిరిగి రాదు. మూడూ నిజాలే. మూడింటిలో దేన్ని తీసుకున్నా చెప్పడమే ఉండదు. ఆ కాగితాన్ని చించేశాను, అయినా చెప్పలేదు.

మూడో వారం ఆదివారం అక్క మిర్యాలగూడ పోదామని రాసింది. మిగతా ఇద్దర్నీ కూడా తనే మెసేజి పెట్టి పిలిపించింది. గోడౌను సగం నిండి ఉంది. అక్క ఒక బస్తా మీద కూర్చుని, సంచిలోంచి మడిచిన కాగితం తీసి నా చేతికిచ్చింది, చదవమని సైగ చేసింది. తను మాట్లాడకూడదు కాబట్టి తన మాటలు నేను పైకి చదవాలి.

చదివాను. ఉత్సవం వాళ్లకు రావట్లేదని రాసేశానని ఉంది. పాటలు మీరిద్దరూ ఉంచుకోండి, మంచి గొంతున్నవాళ్లు దొరికితే పాడించుకోండి అని ఉంది. ఆ తర్వాత: "నాన్న అన్నదే నిజం. నా పాటలే నా గొంతును తిన్నయి. నాకు గట్ల పాడే గొంతు దేవుడు ఇయ్యలేదు. ఇందుల ఎవరి తప్పూ లేదు."

ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగాను. గిటారు అతను నేల చూస్తున్నాడు. డ్రమ్స్ అతను పుల్లలు రెండూ ఒక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అక్క నా వైపే చూస్తోంది, పూర్తి చేయమన్నట్టు.

"ఇది నేను చదవలేను అక్కా" అన్నాను. తర్వాత అంతా చెప్పాను. గీతలు, ఖాళీ గోడౌను, పది గంటలు, వేలు చూపిస్తే నాబు మీద చెయ్యి పెట్టి ఊరుకోవడం, థెరపిస్టుతో అబద్ధం. ఫ్యాక్టరీలో బ్రేక్‌డౌన్ రిపోర్టు చదివినట్టు వరసగా చెప్పాను, ఇంకోలా నాకు రాదు. నోట్‌బుక్కు బండి డిక్కీలోనే ఉంది, తెచ్చి తన ఒళ్లో పెట్టాను.

అక్క పేజీలు తిప్పింది. చాలాసేపు. డ్రమ్స్ అతను ఏదో అనబోతే గిటారు అతను చెయ్యి పట్టుకుని ఆపాడు. అక్క పెన్ను తీసి తను ఇచ్చిన కాగితం మీదే, ఆఖరి వాక్యం కింద రాసింది.

"ఇనవడ్తలేదని చెప్పిన కద."

అంతే. ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. తను లేచి మైకు దగ్గరికి పోయి, నన్ను అక్కడ నిలబడమని వేలితో చూపించింది. మిగతా ఇద్దరికీ వాయించమని సైగ. తను మిక్సర్ దగ్గర నా కుర్చీలో కూర్చుంది. నాబును పది గంటల గీత దగ్గర పెట్టి ఉంచింది.

బస్సుల పాట. నాకు మాటలన్నీ వచ్చు. పల్లవి ఎత్తుకున్నాను, నా గొంతు నాకు వినపడలేదు. పెదాలు కదులుతున్నాయని తెలుస్తోంది, అంతే. రెండో లైనుకు అరుస్తున్నాను. అరవాలని అనుకోలేదు. చరణం పూర్తయ్యేసరికి గొంతులో ఇసుక పోసినట్టయింది, దగ్గు వచ్చింది. ఆపుదామని చూస్తే అక్క తల అడ్డంగా ఊపింది. ఇంకొక చరణం. ఒక్క పాటకే కళ్లలో నీళ్లు తిరిగాయి. తను ఒక్కో సాయంత్రం పదకొండు పాటలు పాడేది.

అప్పుడు నాబు తిప్పింది. పది గంటలు దాటింది, పన్నెండు, ఒంటిగంట. ఒక్కసారిగా నా గొంతు నా ముఖానికి తగిలింది. అరవడం దానంతట అదే ఆగిపోయింది. తను ఇంకా తిప్పింది. మైకు కూసింది. నేను చెవులు మూసుకుని వంగిపోయాను. తగ్గించమని అరిచినట్టున్నాను. అక్క వెంటనే తగ్గించలేదు. ఆ కూతలోనే కూర్చుని ప్లాస్టరు ముక్కను గోరుతో గీకి లాగేసి, ఉండ చుట్టి నేల మీద వేసి, ఆ తర్వాతే నాబు కొంచెం వెనక్కి తిప్పింది.

నాతో చదివించిన ఆ ఉత్తరం మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది. చించలేదు. ఇంటికి పోయేటప్పుడు నేరేడుచర్ల దాకా వెనక సీటు మీద నన్ను పట్టుకోకుండా కూర్చుంది.

ఆ వారమే నాన్నకు కూడా చెప్పాను. గుడ్ ఫ్రైడే సంగతితో మొదలుపెట్టాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను గట్లన్ననా?" అని అడిగాడు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. అరుపులు అనే మాట మాత్రం ఆ తర్వాత ఇంట్లో వినపడలేదు.

ఉత్సవం మేము లేకుండానే అయిపోయింది. అక్క థెరపీకి వెళ్లింది, నెలల తరబడి. స్కూల్లో మెడకు తగిలించుకునే చిన్న మైకు తెచ్చిచ్చాను. దాన్ని తనే పరీక్షించుకుని, తనే వాల్యూం పెట్టుకుంది. మాట తిరిగి వచ్చింది, పాట కొంత వచ్చింది. పైన రెండు స్వరాలు రాలేదు, వస్తాయని థెరపిస్టు కూడా అనడం లేదు. నాతో మామూలుగానే ఉంటుంది. ఫ్యూజు పోతే మాత్రం టార్చి పట్టుకుని పక్కనే నిలబడుతుంది, నేనేం చేస్తున్నానో చూస్తూ.

పోయిన నెలలో ఒక ఆదివారం మళ్లీ మిర్యాలగూడ వెళ్లాం. బస్సుల పాటను కింది శ్రుతికి దించారు. గిటారు అతను మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది, సణిగాడు. మానిటర్‌కు వేరే నాబు పెట్టించి, దాన్ని అక్క తన చేతికి అందేటట్టు స్టాండుకు కట్టించుకుంది. నేను జనం వైపు స్పీకర్లు మాత్రమే చూసుకోవాలి. రెండో చరణంలో తను పెంచుకుంటూ పోతుంటే మైకు కూసింది. నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది, అక్కడ నాబు లేదు. అక్క పాట ఆపలేదు. తనే కొంచెం తగ్గించుకుని, పైకి పోవలసిన చోట పైకి పోకుండా, గొంతు చీలిన చోట చీలిపోనిచ్చి పాడింది.

ఉత్తరం ఇంకా తన సంచిలోనే ఉంది. మళ్లీ స్టేజీ ఎక్కుతావా అని నేను అడగలేదు. ఇంటికి వచ్చి, అది ప్రోగ్రాం కాకపోయినా, నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి, స్కేలుతో గడులు గీసి, నాలుగో గడిలో ఒకటి అని రాశాను.